మూడున్నర అడుగులు

బ్రాడీపేట నాలుగో లైనులో, మెట్ల కింద గదిలో
ప్లాను గీసే ఫణీంద్ర అడిగాడు:
"పడగ్గదికి మూడడుగుల తలుపు చాలు సార్,
మూడున్నర ఎందుకు?"
బీరువా పట్టాలి కదా, అన్నాను.
ప్రమీల బల్ల మీది స్కేలు వంక చూస్తూ కూర్చుంది.
"బాత్రూముకి కూడానా?"
బాత్రూముకి కూడా.
బాత్రూములోకి బీరువా ఎందుకు పోతుందో
ఆ అబ్బాయి అడగలేదు.
రబ్బరుతో చెరిపి, ఊది, మళ్లీ గీశాడు.

కోల్డ్ స్టోరేజీలో పదహారేళ్లుగా
టిక్కీల లెక్క రాస్తున్నాను.
రేపటి ధర మీద ఆశతో
ఇవాళ్టి మిరపకాయని చలిలో దాచుకునేవాళ్ల లెక్క.
నిండా బస్తాలున్న ట్రాలీ మలుపు తిరగాలంటే
ఐదడుగుల జాగా కావాలని
కళ్లు మూసుకుని చెప్పగలను.
మా వాడి సంగతి మాత్రం
ఎవరడిగినా గొంతులో కారం పడ్డట్టుంటుంది.

లోహిత్‌కి తొమ్మిదేళ్లు.
కింద కూర్చున్నవాడు లేవాలంటే
మోకాళ్ల మీద ఒక చెయ్యి, తొడ మీద ఒక చెయ్యి,
తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కుతాడు.
పన్నెండో ఏడో, పదమూడో, అన్నాడు డాక్టరు.
తేదీ వెయ్యని వాయిదా.

నూట ఇరవై గజాల స్థలం, గోరంట్ల దాటాక.
స్తంభాల మీద ఊచలు వదిలెయ్యమన్నాను.
ఎప్పటికైనా పైన ఓ వాటా పడితే
అద్దె మందులకి వస్తుంది.
గుంటూరులో ఏ డాబా చూసినా
నెత్తిన తుప్పు ఊచలే,
ఎప్పుడో వేసే అంతస్తు కోసం.
వాటిని చూసి ఎందుకని ఎవరూ అడగరు.
తలుపు వెడల్పే అడుగుతారు.

తెనాలి నుంచి వచ్చిన అక్కయ్య
ప్లాను మీద వేలు పెట్టి ఆగిపోయింది.
"గడప లేని ఇల్లేంట్రా?
పసుపు ఎక్కడ రాస్తారు?
లక్ష్మీదేవి ఏది దాటి లోపలికొస్తుంది?"
అంతసేపూ పలకని ప్రమీల అంది:
"రావాలనుకుంటే
ఆవిడ మాత్రం కాలెత్తడం ఎందుకు, వదినా."

ముగ్గు పోసిన రోజు
సైదా మేస్త్రి తాడు లాగి
సున్నప్పొడితో నేల మీద ఇల్లంతా గీశాడు.
గోడ లేదు, కప్పు లేదు.
అయినా లోహిత్ గీత తొక్కలేదు,
తలుపున్న చోటు వెతుక్కునే లోపలికొచ్చాడు.
వంటింట్లో నిలబడి "అమ్మా, ఆకలి" అన్నాడు.
అందరం నవ్వాం.
తర్వాత సిమెంటు మోసే ఒంటిచక్రం బండి చూసి
"నన్ను ఎక్కించుకుని తిప్పవా తాతా" అన్నాడు.

ఆటే అనుకున్నాం.
హాల్లోంచి పడగ్గదిలోకి,
పడగ్గదిలోంచి బాత్రూములోకి.
అక్కడ మలుపులో
చక్రం గీత మీదికెక్కింది, సున్నం చెదిరింది.
"ఇక్కడ తిరగట్లేదు నాన్నా" అన్నాడు,
కూడికలో తప్పు చూపించినట్టు, మామూలుగా.
"ఇంకో అడుగు కావాలి.
స్విచ్చిలు కూడా కిందికి పెట్టించు.
కూర్చుంటే అందాలిగా."

వాడికి ఎవరు చెప్పారో.
ప్రమీల నా వంక, నేను ప్రమీల వంక.
బీరువా కథ నమ్మింది
మేమిద్దరమే.

సైదా మేస్త్రి ఒక్క మాటా అడగలేదు.
చెప్పుకాలితో పాత గీత చెరిపాడు.
మేకులు పీకి పడగ్గదివైపు అడుగు జరిపి పాతాడు.
పిడికిలితో కొత్త గీత పోసి
బండి మళ్లీ తోశాడు.
ఈసారి తిరిగింది.

రాత్రి వాన పడింది.
పొద్దున వెళ్తే ఇల్లు లేదు,
నల్లరేగడి బురద, అందులో మేకులు.
ఒక్కో మేకునీ తల మీద తట్టుకుంటూ
లోహిత్ గది గదికీ వెళ్లాడు,
నడిచి.